గుర్రప్పిల్ల తోకలెందుకు కొరుకుతుంది?

రాత్రి నిండుగా ఉన్న తోక తెల్లారేసరికి కత్తెరతో కోసినట్టు కురచగా కనిపిస్తుంది. గిట్టల దాకా వేలాడే కుచ్చు వెనక మోకాలి దగ్గరే ఆగిపోతుంది. గుర్రం వెంట్రుకకు ధర పలుకుతుంది కనుక యజమాని మొదట దొంగలనే అనుమానిస్తాడు. రెండు మూడు రోజులు కాపు కాస్తే సంగతి బయటపడుతుంది. పక్కన నిలబడ్డ ఆరేడు నెలల గుర్రప్పిల్ల పెద్ద గుర్రం తోకను నోట్లోకి లాక్కుని తీరిగ్గా నములుతూ ఉంటుంది. పెద్ద గుర్రం కదలదు. వెంట్రుకలో నరాలు లేవు, కాబట్టి లాగి పీకనంతవరకూ తన తోక పోతున్న సంగతి దానికి తెలియదు.

అండమాన్ దీవుల్లోని జంగ్లీఘాట్ పడవల ఊరు, అయినా ఈ గుర్రాల సంగతి అక్కడివాళ్లకు దూరమైంది కాదు. పోర్ట్ బ్లెయిర్‌లో, 2024 నుంచి శ్రీ విజయపురం అని పిలుస్తున్న పట్టణంలో, ఆ చేపల రేవు చుట్టుపక్కల స్థిరపడ్డ తెలుగు కుటుంబాల్లో చాలావాటి మూలాలు శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం జిల్లాల్లో ఉన్నాయి. వాళ్లు వదిలి వచ్చిన తీరానికి వెనకవైపు కొండల్లో, పాడేరు, చింతపల్లి మన్యంలో, గుర్రం ఈనాటికీ కష్టపడి పనిచేసే జంతువు. జీపు ఎక్కలేని కొండదారిలో బియ్యం, కాఫీ గింజలు, సంత సరుకులు దాని వీపు మీదే కదులుతాయి. దేశం మొత్తం మీద గుర్రాలు వేగంగా తగ్గిపోతున్నాయి. 2012 పశుగణనలో ఆరు లక్షలు దాటి ఉన్న గుర్రాలు, తట్టువలు 2019 గణన నాటికి సుమారు 3 లక్షల 40 వేలకు పడిపోయాయి. మిగిలినవాటికి పుట్టే ప్రతి పిల్లా విలువైనదే. దాని చిన్న జబ్బునూ చిన్న అలవాటునూ పట్టించుకోవడం అందుకే అవసరం.

తోక పోతే ఏం పోయింది, అందమే కదా అని తీసిపారేయకూడదు. గుర్రానికి ఈగల మీద ఉన్న ఆయుధం తోకే. వానాకాలంలో జోరీగలు పొట్ట మీద, తొడల మీద వాలి చర్మాన్ని చీల్చి రక్తం తాగుతాయి. నొప్పికి గుర్రం విదిలించుకుంటే ఆ జోరీగ లేచి పక్క గుర్రం మీద వాలి మిగతా రక్తం అక్కడ తాగుతుంది. ఒక గుర్రం రక్తంలోని సూక్ష్మజీవులు ఇంకో గుర్రానికి చేరేది ఈ దారినే. సుర్రా అనే జ్వరం అలా వ్యాపిస్తుంది. దానికి కారణమైన పరాన్నజీవిని 1880లో, అప్పటి పంజాబులోని డేరా ఇస్మాయిల్ ఖాన్‌లో గుర్రాలు, ఒంటెలు చచ్చిపోతుంటే వాటి రక్తంలో గ్రిఫిత్ ఇవాన్స్ అనే పశువైద్యుడు కనిపెట్టాడు. దాని పేరు ట్రిపనోసోమా ఇవాన్సై. వైద్యం అందకపోతే సుర్రా సోకిన గుర్రం బతకడం కష్టం. ఈగల కాలంలో కురచ తోకతో నిలబడ్డ గుర్రం పరిస్థితిని దీన్ని బట్టి ఊహించుకోవచ్చు. పోయిన తోక త్వరగా తిరిగిరాదు కూడా. తోక వెంట్రుక నెలకు సుమారు రెండు సెంటీమీటర్లు పెరుగుతుంది. రెండడుగుల కుచ్చు మళ్లీ రావాలంటే రెండున్నరేళ్లు పడుతుంది.

పిల్లను నిందించే ముందు ఆ తోక నిజంగా కొరకడం వల్లే పోయిందో లేదో చూడాలి. తోక పైభాగంలో, మొదలు దగ్గర వెంట్రుకలు విరిగి చిందరవందరగా లేచి ఉంటే అది కొరికిన తోక కాదు, రాసుకున్న తోక. గుద ద్వారం దగ్గర గుడ్లు పెట్టే సూది పురుగులో, పేలో, నుసుములు కుట్టడం వల్ల వచ్చిన దురదో ఉండి గుర్రమే గోడకో చెట్టుకో తోకను రుద్దుకుంటోందన్నమాట. దానికి మందు వేరు. పైన ఒత్తుగా ఉండి, కింద పిల్ల నోటి ఎత్తు దగ్గర ఒక్కసారిగా తెగినట్టు ఉంటే అది పళ్ల పని. పిల్ల లద్దెలో వెంట్రుకలు కనిపిస్తే ఇక అనుమానం అక్కర్లేదు.

పిల్ల ఎందుకు కొరుకుతుంది అన్నదానికి ఒకే జవాబు లేదు. అయితే జవాబులన్నీ ఒకే బరువున్నవి కావు. లాయాల దగ్గర వినిపించే మాటలు రెండు. ఒకటి, పళ్లు వస్తున్నాయి. రెండోది, ఒంట్లో ఏదో లవణం తక్కువైంది. రెండింటిలోనూ కొంత నిజం ఉంది.

గుర్రప్పిల్లకు నడిమి ముందుపళ్లు పుట్టిన వారంలోపే వస్తాయి. వాటి పక్కవి ఆరు వారాల దగ్గర, చివరివి ఆరు నుంచి తొమ్మిది నెలల మధ్య వస్తాయి. ఏడాది దాటే సమయానికి దవడల వెనక శాశ్వతమైన నమిలే పళ్లు మొలవడం మొదలవుతుంది. రెండున్నరేళ్ల నుంచి పాలపళ్లు ఊడుతూ కొత్తవి వస్తూ నాలుగున్నరేళ్ల దాకా నోట్లో ఏదో ఒక మార్పు జరుగుతూనే ఉంటుంది. పైగా పసితనంలో గుర్రం లోకాన్ని నోటితోనే తెలుసుకుంటుంది. తాడు, గుంజ, తల్లి జూలు, మన చొక్కా అంచు, అన్నిటినీ పళ్లతో పట్టి చూస్తుంది. తల్లి లద్దెను కూడా తింటుంది. చూసేవాళ్లకు అసహ్యంగా ఉన్నా అది మొదటి నెలల్లో మామూలు సంగతే. గడ్డిని పులియబెట్టి అరిగించే సూక్ష్మజీవులు పిల్ల పేగులోకి చేరడానికి అది ఒక దారి అని పరిశోధకులు భావిస్తారు. కాబట్టి నెల పిల్ల ఆటలో తల్లి తోకను పట్టుకుని వదిలేస్తే కంగారు పడనక్కర్లేదు. కానీ ఆరు నెలల పిల్ల గంటల తరబడి నిలబడి తోక నములుతుంటే, పళ్లొస్తున్నాయిలే, అదే మానేస్తుందిలే అని వదిలేయడం సరికాదు. అప్పుడు చూడాల్సింది దాని రోజు ఎలా గడుస్తోందో.

గుర్రం కడుపు దాని ఒంటితో పోలిస్తే చాలా చిన్నది. పెద్ద గుర్రానికి కూడా ఎనిమిది నుంచి పదిహేను లీటర్లు మించి పట్టదు. ఆ కడుపులో ఆమ్లం మనలాగా తిండి వేళకు ఊరదు, ఇరవై నాలుగు గంటలూ ఊరుతూనే ఉంటుంది. దాన్ని చల్లార్చేది లాలాజలం. గుర్రానికి లాలాజలం నమిలినప్పుడే ఊరుతుంది. మైదానంలో వదిలిన గుర్రం రోజులో పద్నాలుగు నుంచి పదహారు గంటలు కొద్దికొద్దిగా మేస్తూనే ఉండడానికి కారణం ఆకలి ఒక్కటే కాదు, దాని శరీరం నిర్మాణమే అలాంటిది. రోజుకు ముప్ఫై ఐదు, నలభై లీటర్ల లాలాజలం ఆ నమలడంలోనే ఊరుతుంది.

ఇప్పుడు లాయంలోకి వద్దాం. కిలో ఎండుగడ్డి నమలడానికి పెద్ద గుర్రానికి సుమారు నలభై నిమిషాలు పడుతుంది, దవడ మూడు వేల సార్లకు పైగా ఆడుతుంది. కిలో గింజల దాణా పది నిమిషాల్లో అయిపోతుంది, దవడ వెయ్యి సార్లు కూడా ఆడదు. రోజుకు నాలుగు కిలోల గడ్డి, మూడు కిలోల దాణా పెట్టామనుకుందాం. గడ్డికి 160 నిమిషాలు, దాణాకు 30 నిమిషాలు. మొత్తం మూడు గంటల పది నిమిషాలు. పదిహేను గంటలు ఆడాల్సిన దవడకు దొరికిన పని అంతే. కడుపుకు బలం అందింది, నోటికి పని అందలేదు. గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదని మన సామెత. నిజానికి మన గుర్రాల్లో చాలావాటికి తక్కువైంది దాణా కాదు, గడ్డి.

ఈ సంగతిని ప్రయోగాలు కూడా చెప్పాయి. 1977లో అమెరికాలో విలార్డ్ బృందం గుర్రాలకు ఒక దఫా దాణా మాత్రమే, మరో దఫా ఎండుగడ్డి మాత్రమే పెట్టి చూసింది. దాణా మీద ఉన్నప్పుడు పేగులో ఆమ్లం పెరిగింది, గుర్రాలు చెక్క కొరకడమూ లద్దె తినడమూ ఎక్కువైంది. 1995లో మెక్‌గ్రీవీ, ఆయన సహచరులు పందెపు గుర్రాల లాయాలను పరిశీలించారు. రోజుకు 6.8 కిలోల కంటే తక్కువ గడ్డి పెట్టే చోట్ల, పక్క గుర్రాలను కలవనివ్వని చోట్ల వింత అలవాట్లు ఎక్కువగా కనిపించాయి. పిల్లల విషయంలో అన్నిటికంటే విలువైనది 2002లో వాటర్స్, నికల్, ఫ్రెంచ్ ప్రచురించిన అధ్యయనం. వాళ్లు 225 పందెపు జాతి పిల్లలను నాలుగేళ్లు గమనించారు. మూడోవంతుకు పైగా పిల్లల్లో ఏదో ఒక అసహజమైన అలవాటు మొదలైంది. చెక్క కొరకడం వాటిలో ముందుంది, అది సగటున ముప్ఫై వారాల వయసులో మొదలైంది. తల్లి నుంచి విడదీసి నాలుగు గోడల మధ్య ఉంచిన పిల్లల్లో ఈ అలవాట్లు, బయట మైదానంలో పాలు మాన్పించిన పిల్లలతో పోలిస్తే రెట్టింపు వేగంతో మొదలయ్యాయి. పాలు మానాక దాణా పెట్టినవాటిలో గుంజను పళ్లతో పట్టి గాలి పీల్చే అలవాటు నాలుగు రెట్లు ఎక్కువ. అదే ఏడాది నికల్ బృందం ఇంకో సంగతి చూపించింది. ఆ గుంజ పట్టే అలవాటు మొదలైన పిల్లల కడుపులోకి కెమెరా పంపి చూస్తే, అలవాటు లేనివాటికంటే ఎక్కువ పుండ్లు, వాపు కనిపించాయి.

ఇవన్నీ చెక్క గురించిన, గుంజ గురించిన అధ్యయనాలే. కానీ చెక్క కొరికే నోరూ తోక కొరికే నోరూ ఒక్కటే. చెక్క అందనిచోట, లేదా తోక ముందుగా అందినచోట, అది తోకను నములుతుంది. వయసు చూడండి: ముప్ఫై వారాలంటే ఏడు నెలలు. మనుషులు పిల్లను తల్లి నుంచి వేరుచేసేది సాధారణంగా నాలుగు నుంచి ఏడు నెలల మధ్య. మనిషి కలగజేసుకోకపోతే తల్లి తనంతట తాను పాలు మాన్పించేది తొమ్మిది, పది నెలలు దాటాకే. అంటే తల్లి పోయి, పాలు పోయి, ఆడుకునే చోటు పోయి, చివరి ముందుపళ్లు చిగురు చీల్చుకుని వస్తున్న సమయంలోనే పిల్లను గుంజకు కట్టేస్తున్నాం. దాన్ని పొగరు అనో దురలవాటు అనో పిలవడం నాకు అన్యాయంగా తోస్తుంది.

ఇదే లెక్క దీవుల పాఠకులకు ఇంకో జంతువులో కనిపిస్తుంది. అండమాన్ నికోబార్ దీవుల్లో పందుల పెంపకం పాతది, నికోబారీల జీవితంలో పందికి పెద్ద స్థానమే ఉంది. ఆరుబయట తిరిగే పంది మూతితో మట్టిని పెళ్లగిస్తూ రోజు గడుపుతుంది. దాన్నే సిమెంటు నేల మీద ఇరుకుగా పెడితే పక్క పంది తోకను కొరుకుతుంది, రక్తం వచ్చేదాకా కొరుకుతుంది. ప్రపంచమంతా పందుల ఫారాలను వేధించే సమస్య ఇది. తోకలు కత్తిరించడం దానికి పాత పరిష్కారం. యూరోపియన్ యూనియన్ చట్టం ఆ కత్తిరింపును మామూలు పద్ధతిగా చేయకూడదంటోంది, ముందు పందులకు గడ్డి వంటివి ఇచ్చి వాటి మూతికి పని కల్పించమంటోంది.

లవణాల సంగతికి వద్దాం. లవణం తక్కువై కొరుకుతుందన్న నమ్మకానికి గట్టి మూలమే ఉంది. 1920 ప్రాంతంలో దక్షిణాఫ్రికాలో ఆర్నల్డ్ థైలర్, ఎముకలు నమిలి చచ్చిపోతున్న ఆవుల ఒంట్లో భాస్వరం తక్కువైందని, ఎముకల పొడి పెడితే ఆ నమలడం ఆగుతుందని చూపించాడు. గుర్రం తోక విషయంలో అంత గట్టి రుజువు లేదు. అయినా ఉప్పు మాత్రం ముందుగా సరిచూడాల్సిందే, ఎందుకంటే గడ్డిలో సోడియం చాలా తక్కువ, మన ఉక్కపోతలో చెమట చాలా ఎక్కువ. ఇంకో గుర్రం చెమట పట్టిన తోక ఉప్పగా ఉంటుందన్నది మరిచిపోకూడదు. పని లేకుండా నిలబడ్డ రెండు వందల కిలోల తట్టువకు రోజుకు పది గ్రాముల ఉప్పు కావాలి, కొండెక్కి బరువు మోసినరోజు ఇంకా ఎక్కువ కావాలి. కల్లుప్పు దిమ్మను నీడలో, వాన తగలని చోట, పిల్లకు అందేలా పెడితే తనకు కావలసినంత అది నాకుతుంది. పక్కనే నీళ్లుండాలి.

తవుడు గురించి గట్టిగా చెప్పాలి. చవకగా దొరుకుతుందని పిల్లకు రోజూ తవుడు పెట్టేవాళ్లు చాలామంది. వరి తవుడులో భాస్వరం కాల్షియం కంటే పది రెట్లకు పైగా ఉంటుంది. పెరిగే గుర్రానికి కావలసింది దీనికి పూర్తిగా వ్యతిరేకం, కాల్షియం వాటా ఎక్కువ ఉండాలి. అలా చాలాకాలం పెడితే శరీరం ఎముకల్లోంచి కాల్షియం లాక్కుంటుంది, దవడ ఎముకలు ఉబ్బి ముఖం వాచినట్టవుతుంది, నడకలో కుంటు వస్తుంది. నేపియర్ వంటి గడ్డిలో ఉండే ఆక్సలేట్లు కూడా కాల్షియాన్ని ఒంటికి పట్టనివ్వవు. ఈ రెండూ కలిసినచోట ప్రమాదం రెట్టింపు. ఉలవ గుగ్గిళ్లు మంచివే, మాంసకృత్తులు దండిగా ఉన్నవే. కొద్దికొద్దిగా, రోజుకు రెండు మూడుసార్లు, తరిగిన గడ్డిలో కలిపి పెట్టాలి. అప్పుడు అదే దాణాను నమలడానికి ఎక్కువసేపు పడుతుంది.

ఇక మాన్పించడం ఎలా? తోకకు ఏదైనా చేదు పూయమని అందరూ చెబుతారు. పూయండి, కానీ అదే వైద్యం అనుకోవద్దు. కొబ్బరినూనెలో కొద్దిగా వేపనూనె కలిపి వెంట్రుకల కింది భాగానికి మాత్రమే పట్టించవచ్చు, ముందు కొద్దిచోట రాసి చర్మం ఎర్రబడుతుందేమో చూసుకోవాలి. బట్టల సబ్బు తడిపి వెంట్రుకలకు రుద్దడం కూడా కొందరు చేసే పని. ఏది పూసినా ఒక్క గట్టి వానకు కొట్టుకుపోతుంది, మళ్లీ పూయాలి. కారం ముద్ద పూయకండి. గుర్రం తోక విసిరినప్పుడు అది పిల్ల కళ్లలో పడుతుంది, తోక మొదలు దగ్గర సున్నితమైన చర్మాన్ని మండిస్తుంది. కిరోసిన్, వాడేసిన ఇంజిన్ నూనె అసలు వద్దు, అవి విషం. తోకను జడ అల్లి పైకి కట్టేస్తే పిల్లకు అందదు, నిజమే, కానీ ఈగల ముందు ఆ గుర్రం నిస్సహాయంగా నిలబడాలి. ఈగలు లేని రాత్రిపూట నాలుగు రోజులు చేయదగ్గ పని అది, అంతే.

అసలు పని గడ్డి దగ్గర ఉంది. రోజుకు ఒంటి బరువులో కనీసం నూటికి ఒకటిన్నర వంతు ఎండుగడ్డి లేదా దానికి సమానమైన మేత అందాలన్నది పశుపోషణ నిపుణుల మాట. పెరిగే పిల్లకు అంతకంటే ఎక్కువే కావాలి. గరికను కోసి ఎండబెట్టి పెట్టుకుంటే గుర్రానికి అంతకంటే మంచి మేత మన నేల మీద అరుదు. మన్యంలో చోడిగడ్డి దొరుకుతుంది. వరిగడ్డిలో బలం తక్కువ, ఒక్కటే పెడితే పేగులో గట్టిపడే ప్రమాదం కూడా ఉంది, కానీ నోటికి పని కోసం మంచి గడ్డితో కలిపి, నీళ్లు దండిగా పెట్టి ఇవ్వవచ్చు. మార్పు ఏదైనా వారం పది రోజుల్లో మెల్లగా చేయాలి. అన్నిటికంటే ముఖ్యమైన పూట రాత్రి. సాయంత్రం ఆరింటికి ఇంత గడ్డి వేసి తెల్లారి ఆరింటికి వస్తే, మధ్యలో పన్నెండు గంటలున్నాయి. ఆ పన్నెండు గంటల్లోనే తోకలు పోతాయి. రాత్రి పడుకునే ముందు ఇంకోసారి గడ్డి వేయండి. చిన్న కన్నాల వల సంచిలో పెడితే ఎక్కువసేపు వస్తుంది, కానీ పిల్ల కాళ్లు వలలో చిక్కుకునే ప్రమాదం ఉంది. పిల్లలున్నచోట నేల మీదే నాలుగైదు కుప్పలుగా, దూరదూరంగా వేయడం మేలు. ఒక కుప్ప నుంచి ఇంకో కుప్పకు నడుస్తూ తింటాయి, బలహీనమైన పిల్లకు కూడా వంతు దొరుకుతుంది. కట్టేసిన చోటికి గన్నేరు చెట్టు అందకుండా చూసుకోండి, కొన్ని ఆకులు తిన్నా గుర్రం ప్రాణం పోవచ్చు.

కొరికే పిల్లను శిక్షగా ఒంటరిగా కట్టేయడం చాలామంది చేసే పని. దానివల్ల తోకలు దక్కవచ్చు, పిల్ల దెబ్బతింటుంది. గుర్రాలు ఒకదాని మెడ మొదలును ఇంకొకటి పళ్లతో గోకుతాయి. ఆ చోట గోకినప్పుడు గుర్రం గుండె వేగం తగ్గుతుందని 1993లో ఫే, ద మాజియేర్ కొలిచి చూపించారు. పిల్లకు ఆ తోడు తీసేస్తే బెంగ ఇంకా పెరుగుతుంది. దానికి బదులు నెమ్మదైన, కానీ హద్దు మీరితే చెవులు వెనక్కి వాల్చి హెచ్చరించే పెద్ద గుర్రాన్ని జత చేయండి. ఒకే ఈడు పిల్లల గుంపులోకి పెద్ద గుర్రాలను తెస్తే పిల్లల మధ్య దురుసుతనం తగ్గి, మంచి నడవడి పెరిగిందని ఫ్రాన్స్ పరిశోధకులు 2008లో ప్రచురించారు. అన్నిటినీ ఓర్చుకుని కదలకుండా నిలబడే గుర్రాన్ని కొన్నాళ్లు పిల్లకు దూరంగా ఉంచితే చాలు. రోజులో కొన్ని గంటలైనా పిల్ల పరిగెత్తే చోటు ఉండాలి.

గడ్డి, ఉప్పు, తోడు సరిచేసిన తర్వాత కొత్తగా తెగుతున్న తోకలు తగ్గుతాయి. పెద్దవుతూ చాలా పిల్లలు పూర్తిగా మానేస్తాయి. తగ్గకపోతే, లేదా పిల్ల చిక్కిపోయి, పొట్ట ఉబ్బి, వెంట్రుక గరుకుగా కనిపిస్తే, ఏలికపాములున్నాయేమో లద్దె పరీక్ష చేయించాలి. నోరు తెరిపించి పళ్లు చూపించాలి. మింగిన వెంట్రుకలు అరుదుగా పేగులో ఉండలు కట్టి కడుపునొప్పి తెస్తాయి. పిల్ల పదేపదే పొట్టవైపు చూసుకుంటూ, కాళ్లతో నేల తవ్వుతూ, పడి లేస్తూ ఉంటే తెల్లారేదాకా ఆగవద్దు. ఆంధ్రప్రదేశ్‌లో ఉన్నవాళ్లు సంచార పశువైద్య సేవ కోసం 1962కు ఫోన్ చేయవచ్చు. డాక్టరు వచ్చేలోపు గడ్డి, దాణా రెండూ ఆపేయండి, నీళ్లు అందుబాటులో ఉంచండి, మనుషుల మందులు మాత్రం పట్టించకండి.